తుడవని చోటు

వార్డు పక్క గది,
సోమవారం

అక్కా,

ఫోన్ వద్దు, ఉత్తరం రాయి అన్నావు కదా, రాస్తున్నాను. నువ్వన్నదే నిజం. "హలో" అనగానే నువ్వక్కడ, నేనిక్కడ గొల్లుమంటున్నాం. మధ్యలో బావ మంచినీళ్ల గ్లాసు పట్టుకుని నీ పక్కన బొమ్మలా నిలబడిపోతున్నాడట. కాగితమైతే ఆయనకా కష్టం లేదు.

మళ్లీ నర్సు డ్యూటీలో చేరాను. వేరే వార్డుకి మారమని పెద్ద సిస్టరు గారు చెవిలో ఇల్లు కట్టుకుని పోరారు. నేనే వద్దన్నాను. మా ఆలస్యమ్మ చివరి వారాలు గడిపిన చోటు వదిలేసి ఎక్కడికి పోతాను? అవే ఎనిమిది మంచాలు, అదే ఫినాయిలు వాసన, తలుపు దగ్గర కిర్రుమనే అదే చక్రాల కుర్చీ. కిటికీ పక్కన ఆరో మంచం. మొదటిరోజు దాని మీద దుప్పటి మార్చమంటే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఇప్పుడు ఆడుతున్నాయి. భార్య పోయి ఎన్నాళ్లయిందని, అప్పుడే అలవాటైపోయిందా అని నా మీద నాకే కోపమొస్తోంది.

వార్డు మధ్యలో బల్ల మీదుండే పెద్ద మెషీను నువ్వు చూశావుగా. ఎనిమిది మంచాల వాళ్ల గుండె గీతలూ ఆ ఒక్క తెర మీదే నడుస్తుంటాయి. మేం ఏ పని చేస్తున్నా ఒక కన్ను దాని మీదే. ఎవరి గుండె తేడా చేసినా, ఆగినా అదే మోగుతుంది.

నిన్నొకటి అడగాలి. ఇద్దరు మనుషుల గుండె గీత అచ్చు ఒకేలా ఉంటుందా? నువ్వు డాక్టరువి కాదని తెలుసు. డాక్టరునే అడిగితే నన్ను ఖాళీ మంచం చూసి పడుకోబెడతాడు. ఊరికే అడిగాను, దీన్ని పట్టుకుని బుర్ర పాడుచేసుకోకు.

నీ తమ్ముడు


ఆఫీసు, నా బల్ల దగ్గర

ఒరే తమ్ముడూ,

"ఊరికే అడిగాను" అంటే అది ఊరికే అడిగింది కాదని చిన్నప్పటి నుంచీ నాకు తెలుసు. పక్కింటి వాళ్ల కిటికీ అద్దం పగిలితే ఎంతవుతుందని కూడా ఒకసారి ఊరికే అడిగావు.

గుండె గీతల సంగతి నాకు తెలియదు. నాకు తెలిసిన గీత ఒక్కటే. మీ పెళ్లికి ముందు పరీక్ష చేయించినప్పుడు ఆ కాగితం పట్టుకొచ్చి నాకు చూపించింది మరదలు. మూడు సరిగ్గా కొడుతుంది, తర్వాత కాస్త ఆగుతుంది, ఆలస్యంగా వచ్చినందుకు మొహమాటపడుతున్నట్టు చిన్నది ఒకటి వేస్తుంది. "చూశారా వదినా, నేనే కాదు, నా గుండె కూడా ఆలస్యమే" అని పకపకా నవ్వింది. ఆ రోజు కూడా సినిమాకి సగం అయ్యాకే వచ్చింది. ఆలస్యమ్మ అని పేరు పెట్టింది నేనే, నా నోరు పడిపోను.

ఇక్కడ నా పని జోరుగా ఉంది. ఏం చేస్తావే నువ్వు అని ఎప్పుడూ అడుగుతావు, చెబితే ఆవలిస్తావు. ఈసారి కాగితం మీద ఆవలించు. కంప్యూటర్లో ప్రతి ప్రోగ్రాముకీ రాసుకోడానికి కొంత మెమరీ కావాలి. అన్నిటికీ అడుగున కెర్నెల్ అని ఒకటుంటుంది. అడిగినవాడికి మెమరీ ముక్కలు ఇవ్వడం, పనయ్యాక తిరిగి తీసుకోవడం దాని పని. లాడ్జిలో గదులిచ్చే గుమాస్తా అనుకో. ఆ ఇవ్వడం తీసుకోవడం క్షణంలో ఎన్ని వేలసార్లు జరుగుతుందో, కాబట్టి ఆ గుమాస్తా చురుగ్గా లేకపోతే మెషీనంతా నత్తలా నడుస్తుంది. నేను వాణ్ణి పరిగెత్తించాను.

ఎలాగో చెప్పనా? గది ఖాళీ అయిన ప్రతిసారీ కడిగి తుడిచి ఇంకొకరికి ఇస్తాడు కదా, ఎక్కువ టైము పోయేది అక్కడే. ఖాళీ చేసిన మనిషే మళ్లీ వచ్చి గది అడిగితే తుడవడం దేనికి? తన చెత్తే కదా. అందుకని, తిరిగిచ్చిన ప్రోగ్రామే మళ్లీ అడిగితే తుడవకుండా ఇచ్చెయ్ అని రాశాను. వేగం చూసి మా బాసు నోరు వెళ్లబెట్టాడు. రెండు మూడు కంపెనీలు నెలల కిందటే తమ మెషీన్లలో పెట్టేసుకున్నాయి. అక్కడా బాగా పరిగెడుతోందని మొన్న నన్ను నిలబెట్టి కేకు కోయించారు.

ఆ వేళ సంతోషంగానే ఉన్నాను. ఇంటికొచ్చాక ఫోన్ తీసి మరదలికి చెప్పబోయాను. తను లేదని గుర్తొచ్చి అలాగే కూర్చుండిపోయాను.

అసలు సంగతేంటో రాయి. దాచకు.

నీ అక్క


వార్డు పక్క గది

అక్కా,

నవ్వనని ఒట్టు వేసి ఈ ఉత్తరం చదువు. ఏడవనని కూడా.

ఆలస్యమ్మ కనిపిస్తోంది. మనిషి కాదు, తన గుండె.

మొదటిసారి రెండో మంచం దగ్గర. బస్సు కండక్టరు ఒకాయన ఛాతీ నొప్పని వస్తే తీగలు తగిలించి, బల్ల దగ్గరికెళ్లి ఆయన గీత మొదలైందా అని చూశాను. ఆయనది ఎడమ పక్క నుంచి మొదలైంది. దానికి కుడివైపు, ఇంకా ఏమీ ఉండకూడని చోట, ఒక గీత ముందే ఉంది. మూడు సరిగ్గా, ఒక ఆగుడు, ఒక చిన్నది. మళ్లీ మూడు. కండక్టరు గీత నడుచుకుంటూ వచ్చి దాన్ని తినేసింది. అంతా కలిపి నువ్వొక దీర్ఘశ్వాస తీసి వదిలేంత సేపు.

కళ్లు చెదిరాయనుకున్నాను. తర్వాత ఐదో మంచం మీద వచ్చింది. తర్వాత ఒకటో మంచం. ఒకసారి తన ఆరో మంచం మీదే. నేను తప్ప ఎవరూ పోల్చుకోలేదు, ఎలా పోల్చుకుంటారు? వారాల తరబడి ఆ గీత ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది నేను. ఆ ఆగుడు వచ్చినప్పుడల్లా ఊపిరి బిగబట్టి, ఆ చిన్నది పడగానే వదిలేవాణ్ణి. ఇప్పటికీ అంతే చేస్తున్నాను.

ఇంకో సంగతి. అన్ని మంచాలూ నిండిన రోజే వస్తుంది. ఒక్క మంచం ఖాళీ ఉన్నా రాదు. తనకి జనం అంటే ఎంత ఇష్టమో నీకు తెలుసుగా, నలుగురు లేని చోట ఒక్క పూట ఉండేది కాదు.

పెద్ద సిస్టరు గారికి కొంచెం చెప్పాను. సెలవు తీసుకో నాయనా అన్నారు, జాలిగా. ఆ జాలి చూసి నోరు మూసుకున్నాను. నువ్వు కూడా పిచ్చిపట్టిందనుకుంటే అనుకో. కానీ నాకు పిచ్చి పట్టలేదక్కా. ఇన్నాళ్లకి కాస్త కుదుటపడ్డాను.

నీ తమ్ముడు


ఆఫీసు

తమ్ముడూ,

నవ్వలేదు. పిచ్చి అనుకోలేదు. నువ్వు చూశానన్నది చూశావు, నేను నమ్ముతున్నాను.

నాలుగు ప్రశ్నలకి జవాబు రాయి. ఆ పెద్ద మెషీను ఏ కంపెనీది, మీద ఏం రాసుంది? మరదలు పోయాక దాన్ని ఎప్పుడైనా ఆపి మళ్లీ పెట్టారా? వార్డు నిండినప్పుడే వస్తుందన్నావు, అందులో ఒక్కసారి కూడా తేడా లేదా? గీత ఎప్పుడూ అంతేసేపు ఉందా?

ఎందుకో తర్వాత చెబుతాను. వేళకి తిను. నేనూ తింటాను.

అక్క


వార్డు పక్క గది

అక్కా,

నీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. "నమ్ముతున్నాను" అన్న మాట దగ్గర కాగితం మెత్తబడిపోయింది. ఈ లోకంలో నన్ను నమ్మడానికి ఒక మనిషి ఉంది, అది చాలు.

కంపెనీ పేరు విడిగా చీటీ మీద రాసి ఇందులో పెట్టాను. మెషీను ఆపలేదు. తను చేరడానికి ముందురోజే కంపెనీ కుర్రాడు వచ్చి కొత్త వెర్షను వేసి వెళ్లాడు, అప్పటి నుంచీ నడుస్తూనే ఉంది. మొన్న అతనే మళ్లీ వచ్చాడు, ఒకసారి ఆపి పెడతానని. రోగులున్నారు, తర్వాత రా అని పంపేశాను. ఎందుకో నాకే తెలియదు, ఆపితే రాదేమోనని భయం వేసింది. వార్డు నిండకుండా ఒక్కసారీ రాలేదు. గీత మాత్రం రోజుకొకలా ఉంటోంది, ఒక్కోసారి రెప్పపాటే.

నీ దగ్గర దాచేదేముంది, ఇంకొకటీ చెబుతాను. మూడో మంచం మీద లెక్కల మాస్టారు ఒకాయన ఉన్నాడు. బాగైపోయాడు, ఇంటికి పోతానని పొద్దున్నుంచీ చెప్పులేసుకుని కూర్చున్నాడు. కొత్త మనిషి వస్తున్నాడని తెలిసి, ఈయన డిశ్చార్జి కాగితాలు కట్టలో అడుగున పెట్టాను. అలా పెడితే వార్డు నిండుతుంది కదా. నిండింది. ఆలస్యమ్మ వచ్చింది. మాస్టారిని సాయంత్రం పంపాను. ఒక్కపూట ఆగితే ఆయన కొంపేం మునగలేదు. ఆయన కూతురే కొంచెం విసుక్కుంది.

ఇలా ఇంకో రెండుసార్లు చేశాను. తిట్టకు.

నీ తమ్ముడు


ఇల్లు, వంటగది బల్ల

తమ్ముడూ,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపాను. మీ బావ చెత్తబుట్ట చూసి, నేను విడాకులు రాస్తున్నాననుకున్నాడు పాపం.

నువ్వు చూస్తున్నది మరదలి గుండె గీతే. నూటికి నూరుపాళ్లు. కానీ తను రావడం లేదురా. తను వెళ్లిపోయింది. వదిలి వెళ్లిన గదిని తుడవలేదు. తుడవొద్దని చెప్పింది నేను.

నువ్వు చీటీ మీద రాసిన కంపెనీ మా కెర్నెల్ పెట్టుకున్న వాటిల్లో ఒకటి. తిరిగిచ్చిన ప్రోగ్రామే మళ్లీ అడిగితే తుడవకుండా ఇమ్మన్నానని రాశానా? మీ మెషీన్లో ఎనిమిది మంచాల గీతలూ గీసేది ఒకే ప్రోగ్రాము. మంచాల మీద మనుషులు మారిపోతుంటారు, కెర్నెల్‌కి మాత్రం అడిగేది ఎప్పుడూ ఆ ఒక్కడే. కండక్టరు వచ్చాడని దానికి తెలియదు, మరదలు పోయిందని తెలియదు. ప్రోగ్రాము మారలేదు కాబట్టి మనిషి మారలేదనుకుంటుంది. అనుకున్నది అది కాదు, నేను. మా టీములో ఎవరికీ తట్టలేదు. మాకు మనుషులంటే ప్రోగ్రాములే.

నిండినప్పుడే ఎందుకంటే, తిరిగొచ్చిన ముక్కల్ని ఒకదాని మీద ఒకటి పేరుస్తాం, అడిగితే పైది ఇస్తాం. తను వారాల తరబడి ఉంది కాబట్టి తన గీతలు చాలా ముక్కల్లో ఉండిపోయాయి. తను పోయాక అవన్నీ తిరిగొచ్చి అడుక్కి చేరాయి. మామూలు రోజుల్లో పైవాటితోనే గడిచిపోతుంది. వార్డు కిటకిటలాడినప్పుడే అడుగుదాకా చెయ్యి పెట్టాల్సొస్తుంది. ఇంకొకటి, ఇది రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. కొత్తవాళ్ల గీత దాని మీదే రాసుకుంటూ పోతుంది. అంటే నువ్వు చూసిన ప్రతిసారీ ఆ ముక్క చెరిగిపోయింది. మళ్లీ రాదు.

ఇప్పుడు చెప్పబోయేది నీకు చెప్పకూడదనుకున్నాను. చెప్పకపోతే ఎవరి ప్రాణమైనా పోతుంది. ఎవరికైనా తీగ ఊడిపోతే కొత్తగా రాసేదేమీ ఉండదు. ఇదివరకు ముక్కంతా తుడిచి ఉండేది కాబట్టి గీత చదునుగా పడి మెషీను మోగేది. ఇప్పుడు తుడవలేదు. పాత గీత అలాగే నిలబడిపోతుంది. మెషీను దాన్నే చూసి అంతా బాగుందనుకుని నోరు మూసుకుంటుంది. మంచం మీద మనిషి పోతున్నా సరే.

ఆ మెషీనుని ఆపించు. ఆపి పెడితే అన్నీ ఒక్కసారి తుడుచుకుపోతాయి. కుర్రాణ్ణి పిలిపించి, పెద్ద సిస్టరు గారికి చెప్పి, ఇవాళే చెయ్యి. నీ కాళ్లు పట్టుకుంటాను.

అక్క


వార్డు

అక్కా,

ఒకసారి పోయింది చాలదా? ఇప్పుడు నా చేత్తో నేనే పంపాలా?

నీకు కేకు కోసినప్పుడు తుడవక్కర్లేదు. నాకు కాస్త ఊపిరి ఆడేసరికి తుడిచెయ్యాలి. ఎంత బాగుంది.

ఎవరి తీగా ఊడలేదు. ఊడితే నేను లేనా? కళ్లలో వత్తులు వేసుకుని తిరుగుతున్నాను. ఎవరికీ ఏమీ కాదు.

అంత తెలిసినదానివి, మిగిలిన ముక్కలు బయటికి తీసి దాచిపెట్టడం రాదా? అది చెయ్యి. అది చేశాక ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు ఆపుకోండి. ఎన్ని మిగిలాయో అదైనా చెప్పు.

తమ్ముడు


ఆఫీసు

తమ్ముడూ,

నన్ను అనాల్సిందే అన్నావు. ఇంకా అను.

ముక్కలు బయటికి తియ్యడం గురించి నీకంటే ముందు నేనే ఆలోచించాను. కంపెనీ వాళ్లని అడిగాను, మీ మెషీను లాంటిదే ఒకటి ఇక్కడ తెప్పించి రెండు రోజులు దాని ముందు కూర్చున్నాను. తీసే ప్రోగ్రాము నడవాలన్నా మెమరీ కావాలి. అది వచ్చి కూర్చున్న క్షణంలో అడుగున ఉన్నవాటినే పట్టుకుపోతోంది, ఇంకొకరి ప్రోగ్రాము కాబట్టి వాటిని శుభ్రంగా తుడుచుకుని మరీ. ఎన్ని రకాలుగా తిప్పినా అంతే. తీయబోతే చెరిగిపోతుంది. ఎన్ని మిగిలాయో బయట నుంచి తెలియదు. తెలిసినా నీకు చెప్పను.

బాసుకి చెప్పాను. నేను రాసింది తీసేశాను, మనిషి మారినా మారకపోయినా ప్రతి ముక్కనీ తుడిచే ఇవ్వాలి. వేగం పడిపోయింది. పడిపోనీ. కంపెనీ అన్ని ఆసుపత్రులకీ కబురు పెడతానంది, వాళ్ల పరీక్షలూ సంతకాలూ అయ్యేసరికి ఎన్నాళ్లవుతుందో. అందాకా మీ వార్డుకి దిక్కు నువ్వే.

నేను ఇప్పుడే మీ పెద్ద సిస్టరు గారికి ఫోన్ చెయ్యాలి. నంబరు నా ఎదుటే ఉంది. చెయ్యలేదు. చేస్తే నిన్ను అక్కడి నుంచి పంపేస్తారు, వేరెవరో వచ్చి స్విచ్ నొక్కేస్తారు, నువ్వు జీవితాంతం నన్ను చూడవు. అది నీ చేత్తో జరగాలని ఉంది నాకు. ఇది కొరియర్లో పంపుతున్నాను, రేపు అందుతుంది. ఎల్లుండి పొద్దున నేను ఫోన్ చేస్తాను, ఆగను. ఈ ఒక్క రోజు ఆగడం కూడా తప్పేనని తెలిసే రాస్తున్నాను.

రెండు రోజులు ఆ మెషీను ముందు ఎందుకు కూర్చున్నానో అది కూడా విను. ఉత్త మెషీను, అందులో ఏ గుండే లేదు. అయినా ప్రతి గీతలో ఆ ఆగుడు కోసం చూశాను. నాకూ తను కావాలిరా.

అక్క


వార్డు పక్క గది

అక్కా,

నువ్వు ఫోన్ చేసేసరికి మెషీను ఆపేశానని పెద్ద సిస్టరు గారు చెప్పే ఉంటారు. ఎలా ఆపానో ఆవిడకి తెలుసు, నీకూ తెలియాలి. నువ్వు నాకేదీ దాచలేదు.

నీ కొరియరు అందింది. విప్పకుండా జేబులో పెట్టుకున్నాను. ఏం రాసుంటావో తెలుసు. ఆ మధ్యాహ్నం వార్డు నిండింది. నేనే నింపాను. ఏడో మంచం మీద పెద్దావిణ్ణి ఇంటికి పంపకుండా ఇంకో పరీక్ష ఉందని చెప్పి కూర్చోబెట్టాను. ఖాళీగా మిగిలింది నాలుగో మంచం ఒక్కటే, దాని మీదికి ఒక దర్జీ వచ్చాడు. వేళ్లకి సూది పోట్లు, మెడలో ఇంకా కొలత టేపు వేలాడుతోంది. వెంట ఆయన కూతురు. తీగలు తగిలించాను. సరిగ్గానే తగిలించాను, అది మాత్రం నమ్ము. ఒళ్లంతా చెమట, తీగల చివరి పట్టీలు అంటుకోవడం లేదని గమనించాను. మళ్లీ తుడిచి అతికించాలి. తర్వాత చేద్దామనుకుని బల్ల దగ్గరికి పరిగెత్తాను, ఎందుకో నీకు తెలుసు.

తను ఉంది. తెర ఈ చివర నుంచి ఆ చివరి దాకా తనే. దర్జీ గీత వచ్చి తినెయ్యలేదు. మూడు, ఆగుడు, చిన్నది. మూడు, ఆగుడు, చిన్నది. ఇంతసేపు ఎప్పుడూ లేదక్కా. నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను, ఆ వారాల్లో కూర్చున్నట్టే. ఏవో కబుర్లు కూడా చెప్పాను తనకి.

గీత చెరగకుండా నిలబడిందంటే తీగ ఊడిందని అర్థం. నువ్వే రాశావు. నాకు గుర్తు లేకపోలేదు. గుర్తుంది, అది బుర్రలో ఒక మూల నిలబడే ఉంది, కాసేపు ఆగమని దానికి చెప్పాను. ఈ మాట పెద్ద సిస్టరు గారికి చెప్పాను, నీకూ చెబుతున్నాను. మరిచిపోయాననీ, చూసుకోలేదనీ ఎవరికీ చెప్పను. చూశాను. కూర్చున్నాను.

దర్జీ కూతురు వచ్చి నా భుజం మీద చెయ్యేసింది. "నాన్న చెయ్యి చల్లగా అయిపోతోంది, ఒకసారి చూడండి" అంది. నేను తెర వైపు చూపించాను. "బాగానే కొట్టుకుంటోందమ్మా" అన్నాను. నా నోటితో, నేను అన్నాను. ఆ పిల్ల తెర చూసి, నా మొహం చూసి, "మరి ఆయన పెదవులు నల్లబడుతున్నాయేంటండీ?" అంది.

అప్పుడు లేచాను. ఎలా వెళ్లానో తెలియదు. నాడి దొరకలేదు. ఛాతీ మీద చేతులు పెట్టి నొక్కడం మొదలుపెట్టాను, డాక్టరు వచ్చాడు, పెద్ద సిస్టరు గారు వచ్చారు, అందరూ అరుస్తున్నారు. నా వెనక బల్ల మీద ఆ మెషీను మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఉంది. దర్జీ చచ్చిపోతుంటే అది మా ఆలస్యమ్మని చూపిస్తూ అంతా బాగుందంటోంది. తనకి తెలిస్తే ఎంత సిగ్గుపడి చచ్చేదో. బస్సులో తను కూర్చుంటే ఎవరైనా నిలబడాల్సి వస్తుందేమోనని లేచిపోయే మనిషి. తన గీత చాటున ఒక మనిషిని చావనిస్తున్నాను నేను.

బతికాడు. ఎంతసేపని నన్ను అడగకు, నాకైతే ఒక జన్మ గడిచింది. కళ్లు తెరిచి మొదట మెడ తడుముకున్నాడు, టేపు ఏదని.

పెద్ద సిస్టరు గారిని ఈ గదిలోకి తీసుకొచ్చి అన్నీ చెప్పాను. లెక్కల మాస్టారి సంగతి, ఏడో మంచం పెద్దావిడ సంగతి, కుర్రాణ్ణి పంపెయ్యడం, అన్నీ. నీ ఉత్తరాలు ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ అక్కడే నిలబడి చదివారు. నా మీద రిపోర్టు రాస్తానన్నారు. రాయాలన్నాను. దర్జీ కూతురికి నేనే చెబుతానన్నాను, చెప్పాను. ఆ పిల్ల నన్ను కొట్టలేదు, తిట్టలేదు. వాళ్ల నాన్న మంచం దగ్గరికి నన్ను ఇంక రావొద్దంది.

రోగులందరికీ చిన్న మెషీన్లు తెచ్చి విడివిడిగా తగిలించాం. పెద్దదాన్ని ఎవరాపుతారని సిస్టరు గారు అడిగారు. నేనే అన్నాను. ఆవిడ మంచి మనిషి. "ఆఖరిసారి చూసుకుంటావా?" అన్నారు. వార్డు ఇంకా నిండే ఉంది. నాలుగో మంచం తీగ ఊడే ఉంది, తెర మీద తను ఉండే ఉంటుంది. తల తిప్పితే చాలు.

తిప్పలేదక్కా. ఏడో మంచం పెద్దావిడ దగ్గరికెళ్లి, కాగితాలు చేతికిచ్చి, సంచీ నేనే మోసుకుంటూ గేటు దాకా దింపి వచ్చాను. వస్తూ స్విచ్ నొక్కాను, తల దించుకుని. ఫ్యాను ఆగిన చప్పుడు తప్ప ఇంకేం లేదు. అప్పుడు నీ కొరియరు విప్పాను. నీకూ తను కావాలన్న చోట కూర్చుండిపోయాను. నా మీద నీకున్న కోపమంతా నేను ఊహించుకున్నదేనని అప్పుడు తెలిసింది. నీమీద నాకు కోపం లేదు. ఉండేది, పోయింది.

మెషీను మళ్లీ లేచేసరికి ఎనిమిది గీతల చోటూ నల్లగా, శుభ్రంగా ఉంది. కంపెనీ నుంచి నువ్వు సరిచేసింది వచ్చేదాకా దాన్ని నమ్మొద్దని సిస్టరు గారు కాగితం రాసి అతికించారు. రేపటి నుంచి నేను ఈ వార్డుకి రాను, విచారణ అయ్యేదాకా ఎక్కడికీ రాను. డ్యూటీ దిగబోతుంటే ఏడో మంచం మీదికి ఒక చిన్నపిల్ల తల్లిని తీసుకొచ్చారు. చేతులు ఖాళీ లేక, "ఒక్క నిమిషం చూడు" అన్నారు సిస్టరు గారు.

తెర వైపు చూడలేదు. ఆమె మణికట్టు పట్టుకున్నాను. గబగబా, భయంభయంగా, ఎక్కడా ఆగకుండా కొట్టుకుంటోంది. ఆ ఆగుడు కోసం నా ఊపిరి దానంతటదే బిగుసుకుంది. ఆగుడు రాలేదు. ఆమె నా మొహం చూసి బెదిరిపోయి, "ఏమైందండీ, ఆగిపోయిందా?" అంది.

"లేదమ్మా, మీది బాగానే ఉంది" అన్నాను, ఊపిరి వదిలి.

నీ తమ్ముడు